పాత కారులో పెట్రోలు లీకు: కనుక్కోవడం ఎలా? బాగుచేయడం ఎలా?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ కవితలు, సూక్తులు, పొడుపు కథలు, జనరల్ నాలెడ్జి ప్రశ్నలు చదువుతుంటాము. ఈసారి మేము మీకు చేతికి మసి అంటే విషయం ఒకటి చెప్పదలచుకున్నాము. మేము అంటే ఇదే హాస్టల్లో పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు తిరుపతిలో పి.జి. చదువుతున్న ముగ్గురము. మీలో చాలామంది ఇళ్ళల్లో మోటారు సైకిలు ఉంటుంది. కొందరి ఇళ్ళల్లో ఆటో ఉంటుంది. ఎక్కడో ఒకరి ఇంట్లో పాత కారు కూడా ఉండవచ్చు. వీటన్నింటిలోను పెట్రోలు లేదా మరేదో ఇంధనం ఉంటుంది. అది ఉండవలసిన చోట ఉన్నంతవరకు మనకు చాకిరీ చేస్తుంది. అక్కడి నుండి ఒక్క చుక్క బయటికి వచ్చినా ప్రమాదమే. ఆ చుక్క ఎక్కడి నుండి వస్తున్నదో వెదకడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాలలో నేర్చుకున్నదే ఈ వ్యాసము.

మామ కారు

మాలో ఒకరి మేనమామ చంద్రగిరి దగ్గర పల్లెలో ఉంటారు. టమేటా పండిస్తారు. ఆయన దగ్గర 1998 మోడల్ మారుతి 800 కారు ఉంది. మూడు చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. రంగంపేట మీదుగా భాకరాపేట కనుమ ఎక్కి పీలేరు, మదనపల్లె మార్కెట్‌కు ధర కనుక్కోవడానికి పోవాలన్నా, తిరుపతి ఆసుపత్రికి పోవాలన్నా ఇంటిల్లిపాదికీ అదే దిక్కు.

కారులో పెట్రోలు వాసన వస్తోందని ఆయన చాలా రోజులుగా అంటూనే ఉన్నారు. ఒక తిరుపతి షెడ్డులో చూపిస్తే కార్బొరేటరు పాడైందని చెప్పి, దాని కిట్టు మార్చి 1,900 రూపాయలు తీసుకున్నారు. వాసన మాత్రం పోలేదు. ఇంతలో మామ కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలనెలా తిరుపతికి చూపించడానికి ఆమెను ఈ కారులోనే తీసుకుపోయేవారు. కారు ఎక్కిన ప్రతిసారీ ఆమెకు కడుపులో తిప్పి వాంతులు అయ్యేవి. ఏడో నెల గదా, మామూలే అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకున్నారు. ఒకరోజు ఆమే అన్నది: "నాయనా, ఇంట్లో ఉంటే బాగానే ఉండా. ఈ కారెక్కితేనే నాకు అయితా ఉండేది."

ఆ మాటతో మామకు భయం పట్టుకుంది. మాకు ఫోను చేసి, "ఏమబ్బా, మీరు పెద్ద చదువులు చదవతా ఉండారు గదా, యాడ కారతా ఉండాదో రవంత చూడకూడదా?" అన్నారు. మా ఇళ్ళల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళము మేమే కాబట్టి, మాకు అన్నీ తెలుసునని పెద్దవాళ్ళ నమ్మకము. నిజానికి మేము ముగ్గురమూ అంతవరకు ఒక కారు బానెట్ ఎత్తి చూసినవాళ్ళము కాము. అయినా తెలియదని చెప్పడానికి మొహమాటపడి సరేనన్నాము.

పెట్రోలు గుణాలు

ముందుగా పెట్రోలు గురించి మూడు విషయాలు తెలుసుకోవాలి. అవి తెలిస్తే ఎందుకు ఇంత జాగ్రత్త పడమంటున్నామో మీకే అర్థమవుతుంది.

మొదటిది: మండేది పెట్రోలు ద్రవము కాదు, దాని ఆవిరి. కిరోసిను అంటుకోవాలంటే కొంత వేడెక్కాలి. పెట్రోలు అలా కాదు. సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరి ఇస్తుంది. మన చంద్రగిరి ఎండల్లో ఎంత ఆవిరి వస్తుందో ఊహించుకోండి.

రెండవది: ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కాబట్టి పైకి పోదు. నీళ్ళలాగా నేలమీద పాకి పల్లంలో నిలుస్తుంది. షెడ్డులో ఈ మూల కారు ఉండి, ఆ మూల పొయ్యి వెలుగుతున్నా అంటుకోవడానికి ఇదే కారణము.

మూడవది: గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. అంతకు తక్కువైనా, ఎక్కువైనా మండదు. మేము లెక్క కట్టి చూస్తే, ఒక మిల్లీలీటరు పెట్రోలు, అనగా ఇంచుమించు 20 చుక్కలు, పూర్తిగా ఆవిరైతే దాదాపు 13 లీటర్ల గాలిని మండే గాలిగా మార్చగలదు. అర గ్లాసు పెట్రోలుకు, అనగా 100 మిల్లీలీటర్లకు, 1,300 లీటర్లు! అంటే చిన్న కారు లోపలి భాగంలో సగానికి పైనే.

ఇక నష్టం సంగతి. సెకనుకు ఒక చుక్క కారితే నిమిషానికి 3 మిల్లీలీటర్లు, గంటకు 180, రోజుకు 4 లీటర్లకు పైగా పోతుంది. పది సెకన్లకు ఒక చుక్క చొప్పున కారినా రోజుకు దాదాపు 430 మిల్లీలీటర్లు. లీటరు 100 రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది ఒక కూలి మనిషి భోజనం ఖర్చు!

పెట్రోలు నడిచే దారి

కాలువలో నీళ్ళు ఎక్కడ గండి పడి పోతున్నాయో తెలియాలంటే చెరువు తూము నుండి పొలం దాకా కాలువ వెంట నడవాలి. ఇదీ అంతే. మారుతి 800 కారు 1983 డిసెంబరు 14న మొదటిసారి రోడ్డు మీదికి వచ్చింది. 2014 వరకు తయారైంది. దాదాపు 2000 సంవత్సరం వరకు వచ్చిన కార్లలో కార్బొరేటరు ఉండేది. అటువంటి కారులో పెట్రోలు ఈ దారిన నడుస్తుంది:

1. మూత, మెడ: మనం పెట్రోలు పోయించుకునే చోటు. అక్కడి నుండి ట్యాంకు వరకు ఒక లావాటి రబ్బరు పైపు, దాని పక్కన గాలి పోవడానికి ఒక సన్నని పైపు ఉంటాయి.

2. ట్యాంకు: కారు వెనక భాగాన అడుగున ఉంటుంది.

3. ఇనుప పైపులు: ట్యాంకు నుండి కారు అడుగు భాగం వెంబడి ముందుకు వస్తాయి. వాటి రెండు కొసలలోను చిన్న రబ్బరు పైపులు, క్లిప్పులు ఉంటాయి.

4. ఫిల్టరు: చెత్తను ఆపుతుంది.

5. పంపు: ఇంజను మీద ఉంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు లోపలి రబ్బరు పొర పైకి కిందికి ఆడి పెట్రోలును ట్యాంకు నుండి లాగి కార్బొరేటరుకు తోస్తుంది.

6. కార్బొరేటరు: దీనిలో చిన్న గిన్నె, దానిలో తేలే బెండు, ఒక సూది ఉంటాయి. గిన్నె నిండగానే బెండు పైకి లేచి సూది దారిని మూసివేస్తుంది. మన ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులో ఉండే బాలు వాల్వు వంటిదే.

7. తిరుగు పైపు: ఎక్కువైన పెట్రోలును మళ్ళీ ట్యాంకుకు చేరుస్తుంది.

ఈ దారిలో ఇనుము చెడిపోవడానికి చాలా కాలం పడుతుంది. రబ్బరు మాత్రం ఎండకు, ఇంజను వేడికి, పెట్రోలుకు గట్టిపడి బీటలు వారుతుంది. అందుకే పాత కారులో అనుమానం ముందుగా రబ్బరు మీదికే పోవాలి.

మొదటి ఆదివారము: మా తప్పులు

మేము మొదటిసారి పోయినప్పుడు బానెట్ ఎత్తి, కనిపించిన ప్రతి క్లిప్పునూ బిగించాము. ఒక పాత పైపు మీద క్లిప్పు మరీ బిగించేసరికి అది పైపును కోసింది. ఉన్న లీకు దొరకకపోగా కొత్త లీకు చేసినవాళ్ళమయ్యాము! పైపు కొస ఒక అంగుళం కోసేసి మళ్ళీ తొడిగి అప్పటికి గండం గట్టెక్కాము.

తరువాత కారు కింద చూశాము. నేల పొడిగా ఉంది. "కారడమే లేదు, వాసన సీటు గుడ్డలకు పట్టి ఉంటుంది" అని మామకు ధైర్యం చెప్పి వచ్చేశాము. ఇది మొదటి తప్పు కంటే పెద్ద తప్పు. పెట్రోలు నీళ్ళవలె నిలవదు. వేడి ఇంజను మీద పడిన చుక్క నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. నేల పొడిగా ఉన్నంత మాత్రాన లీకు లేదని కాదు. పైగా చుక్క పైపు వెంబడి జారి, దూరంగా ఎక్కడో పడుతుంది. చుక్క పడిన చోటుకు నేరుగా పైన రంధ్రం ఉండాలని లేదు.

రెండవ ఆదివారము: ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని అడగాలి

చంద్రగిరిలో ఒక ముసలి మెకానిక్ ఉన్నారు. ఏడో తరగతితో బడి మానేసి నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నారు. మేము మా కథంతా చెప్పగా ఆయన నవ్వి, "యాడ కారతా ఉండాదని అడగబాకండి. ఎప్పుడు కారతా ఉండాదో అది అడగండి" అన్నారు. మాకు పి.జి. ప్రయోగశాలలో నేర్పేది కూడా అదే. ఒక్కొక్క పరిస్థితినే మార్చి చూడాలి. కానీ కారు ముందుకు పోయేసరికి మేము అది మరచిపోయాము. ఆయన చెప్పినదానిని మేము ఈ విధంగా రాసుకున్నాము:

అ) ఇంజను ఆపి ఉన్నా, రాత్రంతా నిలిపినా కారుతుంటే: ట్యాంకు అడుగున గాని, ట్యాంకు మట్టానికి దిగువన ఉన్న పైపులలో గాని తప్పు ఉంది.

ఆ) ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రమే కారుతుంటే: పంపు నుండి కార్బొరేటరు వరకు ఉన్న భాగంలో గాని, తిరుగు పైపులో గాని ఉంది. ఎందుకంటే పెట్రోలు ఒత్తిడితో నడిచేది అక్కడే.

ఇ) ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే వాసన వస్తుంటే: ట్యాంకు పైభాగాన, మెడ దగ్గరి రబ్బరు పైపులో లేదా మూత వాషరులో ఉంది.

ఈ) వేడిగా ఉన్న ఇంజను ఆపిన కొద్దిసేపటికి వాసన వస్తే: కార్బొరేటరు గిన్నె పొంగుతోంది. సూది సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి.

ఉ) బయట ఎక్కడా తడి లేదు, ఇంజను ఆయిలు మట్టం మాత్రం పెరుగుతోంది, ఆయిలు పుల్లకు పెట్రోలు వాసన ఉంది: పంపు లోపలి పొర చిరిగి పెట్రోలు ఆయిలులో కలుస్తోంది. అప్పుడు కారు నడపరాదు. ఆయిలు పలుచబడి ఇంజను అరిగిపోతుంది.

ఊ) పంపుకు వెనక వైపు, అనగా లాగే వైపు, సన్నని బీట ఉంటే: ఇంజను తిరుగుతున్నప్పుడు పెట్రోలు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. బండి ఎక్కిళ్ళు పెడుతుంది.

ఈ పట్టిక చేతికి వచ్చిన తరువాత మామను మళ్ళీ అడిగాము. "వాసన ఎప్పుడు ఎక్కువ?" ఆయన కొంతసేపు ఆలోచించి, "మదనపల్లెకు పొయ్యేటప్పుడు ఫుల్లు ట్యాంకు కొట్టిస్తాను. కనుమ ఎక్కేటప్పుడు ముక్కు పగిలిపోతాది. దిగేటప్పుడు అంత ఉండదు" అన్నారు. కూతురిని తిరుపతికి తీసుకుపోయేటప్పుడు? "అప్పుడు గూడా ఉంటాది గానీ, ఆ వాసన వేరే. ముందర నించి వస్తాది."

మాకు అప్పుడు వెలిగింది. మేమూ, మాకంటే ముందు చూసిన షెడ్డువారూ లీకు ఒక్కటే అనుకున్నాము. ఉన్నవి రెండు! రెండు గుర్తులు కలిసిపోయి ఏ ఒక్కదానితోనూ సరిపోక అందరినీ తికమక పెట్టాయి.

వెనక లీకు

కారు కనుమ ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది. ట్యాంకులోని పెట్రోలు వెనక్కు చేరి, నిండు ట్యాంకైతే మెడ పైపులోకి ఎగదన్నుతుంది. దీనిని పరీక్షించడానికి కనుమ దాకా పోనక్కరలేదు. ట్యాంకు నింపించి, ఊరి చెరువుకట్ట ఎక్కే వాలులో కారును ముక్కు పైకి ఉండేలా నిలిపాము. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజను ఆపాము. వెనక చక్రం లోపలి వైపు తుడిచి పొడిగా చేసి, కింద ఒక అట్ట పరచి, దానిమీద స్టీలు గ్లాసు పెట్టాము.

పావుగంట తరువాత మొదటి చుక్క పడింది. తరువాత పది నిమిషాలలో 40 చుక్కలు లెక్కపెట్టాము. అంటే 2 మిల్లీలీటర్లు. గంటకు 12 మిల్లీలీటర్లు. చూడడానికి ఒక చెంచాడే! కానీ పై లెక్క ప్రకారము అది 150 లీటర్లకు పైగా గాలిని మండేలా చేయగలదు. లావాటి రబ్బరు పైపుకు క్లిప్పు కింద, పైకి కనపడని చోట, గోరంత బీట ఉంది. చదును నేల మీద దాని దాకా పెట్రోలు చేరదు. కాబట్టే మాకు మొదటి ఆదివారము ఏమీ కనపడలేదు.

ఎండలో నిలిపిన నిండు ట్యాంకు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పెట్రోలు ఒక్కొక్క డిగ్రీ వేడికి వెయ్యింట దాదాపు ఒక వంతు పెరుగుతుంది. 28 లీటర్ల ట్యాంకు 20 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పెరుగుతుంది. ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి? అందుకే బంకులో గన్ను "టక్" మని ఆగిన తరువాత కూడా మూతి దాకా పోయించుకోరాదు.

మూడవ ఆదివారము: ముగ్గుపిండి పరీక్ష

ముందర లీకు కనుక్కోవడం కష్టమైంది. ఇంజను వేడికి చుక్క నిలవదు. మెకానిక్ చెప్పగా మేము చల్లని ఇంజనును తుడిచి ఆరనిచ్చి, పంపు, పైపుల అతుకుల మీద ముగ్గుపిండిని గుడ్డమూటతో పలుచగా అద్దాము. గాలి ఫిల్టరులోకి పోకుండా జాగ్రత్తపడ్డాము. తరువాత కారును ఆరుబయట నిలిపి, ఒకరు స్టార్టు చేయగా ఇద్దరము దూరంగా నిలబడి చూశాము.

రెండు నిమిషాలలో పంపు నుండి కార్బొరేటరుకు పోయే పైపు మొదట్లో తెల్లని పిండి మీద నల్లని తడి గీత పాకింది. వెంటనే ఇంజను ఆపివేశాము. ఆ పైపును విప్పి చూస్తే అది పెట్రోలు పైపే కాదు. పాత యజమానుల్లో ఎవరో ఎప్పుడో అందుబాటులో ఉన్న మామూలు నీళ్ళ పైపు ముక్కను తొడిగి వదిలేశారు. అది పెట్రోలుకు ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే విడిపోతోంది. అక్కడికి జానెడు దూరంలో, మంట వచ్చే వైపున సైలెన్సర్ గొట్టం మొదలు ఉంది. ఇన్ని రోజులు ఆ కారులో నిండు చూలాలిని కూర్చోబెట్టుకొని తిరిగారని తలచుకొని మామ చాలాసేపు మాట్లాడలేదు.

బాగుచేసిన విధము

పని మెకానిక్ చేశారు. మేము చేతులు అందించాము. వరుస ఇది:

1. కారును ఆరుబయట, ఇంటికి, పొయ్యికి, కరెంటు మోటారుకు దూరంగా నిలిపాము. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చాము.

2. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాము. ఒక్క నిప్పురవ్వ చాలు కదా!

3. బకెట్ల నిండా ఇసుక, ఒక పౌడరు సిలిండరు దగ్గర పెట్టుకున్నాము. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయరాదు. పెట్రోలు నీళ్ళ మీద తేలి మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది.

4. ట్యాంకులోని పెట్రోలును చేతి పంపుతో మూత ఉన్న ఇనుప క్యానులోకి తీశాము.

5. మెడ దగ్గరి రెండు రబ్బరు పైపులు, ట్యాంకు దగ్గర, ఇంజను దగ్గర ఉన్న చిన్న పైపులు అన్నీ మార్చాము. ఒకటి చెడిందంటే దాని ఈడువన్నీ చెడడానికి సిద్ధంగా ఉన్నట్లే. కొత్త పైపు మీద పెట్రోలుకు పనికివస్తుందని అచ్చు ఉన్నదీ లేనిదీ చూసి కొన్నాము.

6. పాత క్లిప్పులు పారవేసి కొత్తవి వేశాము. పైపు కదలకుండా ఉండేంత వరకే బిగించాము.

7. ఫిల్టరు మార్చాము. అడుగున ఇనుప పైపులకు తుప్పు ఉందేమో గీకి చూశాము. అదృష్టవశాత్తు బాగానే ఉన్నాయి.

8. తిరిగి పెట్రోలు పోసి, చెరువుకట్ట పరీక్ష, ముగ్గుపిండి పరీక్ష రెండూ మళ్ళీ చేశాము. ఏ పరీక్షలో లీకు దొరికిందో అదే పరీక్షలో పోయిందని తేలితేనే బాగైనట్లు.

పైపులు, క్లిప్పులు, ఫిల్టరు, కూలి అన్నీ కలిపి 1,350 రూపాయలు అయింది. అంతకుముందు అవసరం లేని కిట్టుకు పోసిన డబ్బుకంటే తక్కువే!

చేయకూడని పనులు

మన ఊళ్ళల్లో అలవాటుగా చేసేవి కొన్ని చాలా ప్రమాదము. దయచేసి ఇవి గుర్తుంచుకోండి.

నోటితో పెట్రోలు పీల్చరాదు. పైపు నోట్లో పెట్టుకొని లాగడం మనం చాలామందిని చూశాము. కొద్దిగా పొరబోయి ఊపిరితిత్తులలోకి పోయినా తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించరాదు. వాంతి అయ్యేటప్పుడే అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఎక్కువ. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అగ్గిపుల్ల వెలిగించి ట్యాంకులోకి చూడరాదు. వినడానికి నవ్వులాటగా ఉన్నా, చేసినవాళ్ళు ఉన్నారు.

ఖాళీ ట్యాంకు కదా అని వెల్డింగు పెట్టించరాదు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదము. ఎందుకంటే దానిలో ఆవిరి, గాలి రెండూ కలిసి ఉంటాయి. తెలిసినవారు ట్యాంకును పూర్తిగా శుద్ధి చేసిన తరువాతే ఆ పని చేయాలి.

సబ్బు పూసి ఊరుకోరాదు. దారిలో ట్యాంకుకు చిన్న రంధ్రం పడితే బట్టల సబ్బు రుద్దడం డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి కాసేపు ఆగుతుంది. అది దగ్గరలోని షెడ్డు చేరడానికే గాని, నెలల తరబడి తిరగడానికి కాదు.

పెట్రోలుతో చేతులు కడుగుకోరాదు. పెట్రోలు తుడిచిన గుడ్డలను కుప్పగా ఇంట్లో పెట్టరాదు.

కారులో బీడీ, సిగరెట్టు కాల్చరాదు. మామకు బీడీ అలవాటు ఉండేది. ఆ మూడవ ఆదివారము నుండి కారులో మానివేశారు.

ఇథనాలు సంగతి

ఇప్పుడు బంకులలో దొరికే పెట్రోలులో ఇథనాలు కలిసి ఉంటుంది. మన దేశంలో 10 శాతం కలపడం 2022 నాటికి సాధించారు. 20 శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో మొదలుపెట్టి, 2025 నాటికి దేశమంతటికీ తెచ్చారు. చెరకు, మొక్కజొన్న, బియ్యం వంటివాటి నుండి ఇథనాలు తయారవుతుంది. విదేశీ చమురు దిగుమతి తగ్గించడం, రైతుకు గిట్టుబాటు కల్పించడం దీని ఉద్దేశము.

అయితే 1998 నాటి కారును తయారుచేసిన రోజున దానిలోని రబ్బరు ఈ పెట్రోలు కోసం ఎంపిక చేసినది కాదు. ఇథనాలు కొన్ని పాత రకాల రబ్బరును ఉబ్బించి, తరువాత గట్టిపరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి చాలాకాలం కదలకుండా ఉన్న ట్యాంకులో తుప్పుకు కూడా కారణం కావచ్చు. 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదికలోనే, అసలు ఇథనాలు లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సరిచేసిన కార్లలో 20 శాతం పెట్రోలు వాడితే మైలేజి 6 నుండి 7 శాతం తగ్గవచ్చునని ఉంది. దీనికి భయపడి కారు అమ్ముకోనక్కరలేదు. ఇథనాలుకు తట్టుకునే కొత్త పైపులు, వాషర్లు వేయించుకుంటే చాలావరకు సరిపోతుంది. ఏడాదికి ఒకసారి చేతితో ప్రతి రబ్బరు పైపునూ వంచి చూడాలి. బీట కనిపించినా, కట్టెలాగా గట్టిగా ఉన్నా, పిండిలాగా మెత్తగా ఉన్నా మార్చివేయాలి.

కొత్త కార్లు, మోటారు సైకిళ్ళు

కొత్త కార్లకు లీకు రాదని కాదు. 2010 ఫిబ్రవరిలో మారుతి సుజుకి సంస్థ తన ఎ-స్టార్ కార్లను సుమారు 1 లక్ష వెనక్కు పిలిచి, పెట్రోలు కారే అవకాశం ఉందని పంపు దగ్గరి వాషరు వంటి భాగాన్ని మార్చింది. తప్పును దాచకుండా ప్రకటించి సరిచేయడం మంచి పద్ధతి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, లోపమున్న వాహనాలను వెనక్కు పిలిపించే అధికారం ప్రభుత్వానికి కూడా ఇచ్చారు.

కార్బొరేటరు లేని ఇంజెక్షను కార్లలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. పాత పంపు ఇచ్చే ఒత్తిడి కంటే వీటిలో ఒత్తిడి సుమారు పది రెట్లు ఎక్కువ. బీట పడితే చుక్కగా కారదు, పిచికారీలాగా చిమ్ముతుంది. ఇంజను ఆపిన తరువాత కూడా పైపులో ఒత్తిడి నిలిచి ఉంటుంది. కాబట్టి ఇళ్ళల్లో వాటి పైపులు విప్పే ప్రయత్నం చేయవద్దు. మోటారు సైకిలుకు కూడా ట్యాంకు కింద రబ్బరు పైపు, ట్యాపు ఉంటాయి. మీ నాయన బండిని ఈ సెలవులకు పోయినప్పుడు ఒకసారి చూడండి.

చివరిగా

మామ కూతురును కాన్పుకు అదే కారులో తిరుపతికి తీసుకుపోయారు. దారిలో ఆమెకు వాంతి కాలేదు. ఆడబిడ్డ పుట్టింది. వాంతులన్నిటికీ పెట్రోలే కారణమని మేము అనలేము. అది డాక్టర్లు చెప్పవలసిన మాట. కానీ "ఈ కారెక్కితేనే నాకు అయితా ఉండేది" అని ఆమె చెప్పిన మాటను అందరికంటే ముందు మేమే పట్టించుకొని ఉండవలసింది. మొదటి ఆదివారము నేల పొడిగా ఉందని చూసి, ఏమీ లేదని ధైర్యం చెప్పి వచ్చినవాళ్ళము మేము. ఆ తరువాత వారం రోజులు ఆ కారు అలాగే తిరిగింది. ఏమీ జరగలేదంటే అది మా తెలివి కాదు, మా అదృష్టము.

కాబట్టి తమ్ముళ్ళారా! మేము చెప్పేది మూడు మాటలు. పెట్రోలు వాసన వస్తే సర్దుకుపోవద్దు, వాసనే మొదటి హెచ్చరిక. ఎక్కడ అని వెదకడానికి ముందు ఎప్పుడు అని అడగండి, బండిలో రోజూ తిరిగేవాళ్ళనే అడగండి. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరికి పోండి. ఆ ముసలి మెకానిక్ దగ్గర ముగ్గుపిండితో నేర్చుకున్న పాఠము మాకు ఏ పుస్తకములోను దొరకలేదు. దానిని మీకు అందించడానికే ఈ నాలుగు మాటలు రాశాము.